చదివిన చేతులు



గృహ దర్శనాలకు వెళ్లినప్పుడు తల్లిదండ్రుల నోట తరచుగా వినే మాట ఒకటున్నది. "మేము పడిన కష్టం పిల్లలకు వద్దు అయ్యగారూ, ఒంటికి మట్టి అంటకుండా బ్రతికితే అదే చాలు" అంటారు. ఈ మాటను మేము తప్పుపట్టము. దాని వెనుక ఎన్ని తరాల వెట్టిచాకిరీ ఉన్నదో మనకు తెలియనిది కాదు. అయితే చదువుకూ చేతిపనికీ నిజంగా వైరమున్నదా? ఈ ప్రశ్నకు ఒక చిన్న క్రైస్తవ కళాశాల తన చరిత్రతోనే జవాబు చెబుతున్నది.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బెరియా కళాశాల ఉన్నది. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో మనం బెరయ అని చదివే పట్టణం పేరే దానికి పెట్టారు. జాన్ ఫీ అనే బోధకుడు 1855లో అక్కడ ఒకే గదిలో బడి ప్రారంభించాడు. ఆదివారం అదే గది ఆరాధన మందిరం. అప్పటికి కెంటకీలో మనుష్యులను సంతలో కొని అమ్ముతున్నారు. బానిసత్వం దేవుని దృష్టికి పాపమని ఫీ బహిరంగంగా బోధించాడు. అందుచేత 1859లో ఆయుధాలు పట్టినవారు వచ్చి ఆ కుటుంబాలను ఊరినుండి వెళ్లగొట్టారు.

అంతర్యుద్ధం ముగిసిన తరువాత వారు తిరిగివచ్చారు. 1866లో అక్కడ చదివిన 187 మందిలో 96 మంది నల్లవారు, 91 మంది తెల్లవారు. అదే అధ్యాయం 26వ వచనంలో మనుష్యులందరిదీ ఒకే రక్తమని పౌలు బోధించిన సత్యమే ఆ కళాశాల ధ్యేయవాక్యమైనది. 1904లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి నల్లవారిని, తెల్లవారిని కలిపి చదివించరాదన్నది. కళాశాల న్యాయస్థానానికెక్కింది గాని, 1908లో సుప్రీంకోర్టులో కూడా ఓడిపోయింది. 1950లో ఆ చట్టాన్ని సవరించిన తరువాతే నల్లజాతి విద్యార్థులకు మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి.

ఇక అక్కడి పని సంగతి చూద్దాము. పేద కుటుంబాల పిల్లల కోసమే నడిచే కళాశాల గనుక 1892 నుండి ట్యూషన్ ఫీజు వసూలు చేయడం లేదు. విద్యార్థులు చరిత్ర, సాహిత్యం, విజ్ఞాన శాస్త్రాలు చదువుతూనే వారానికి కనీసం పది గంటలు పని చేయాలి. పొలం పని, నేత, వడ్రంగం, గ్రంథాలయం, ప్రయోగశాల, ఆఫీసు, ఇలా పనులు అనేకం. చీపుర్లు కట్టడం కూడా అక్కడ నేర్పే ఒక వృత్తి. వారు కట్టిన చీపుర్లను జనం ఆదరంగా కొనుక్కొని వెళ్తారు.

ఇది పిల్లల కష్టంతో కళాశాలను పోషించుకునే పద్ధతి కాదా అని మీరు అడగవచ్చు. కాదు. చదువు ఖర్చులో ఎక్కువ భాగాన్ని దాతలు ఇచ్చిన మూలధనంపై వచ్చే ఆదాయమే భరిస్తున్నది. పని ఉన్నది నేర్పడానికి.

వెట్టికీ విద్యకూ తేడా ఎక్కడున్నదో ఇక్కడ గమనించండి. మొదటిది, ఆ పని అందరిదీ. నల్లవారైనా తెల్లవారైనా, ఆడపిల్లలైనా మగపిల్లలైనా తప్పించుకునే వీలు లేదు. రెండవది, పనికి జీతమున్నది. మూడవది, పని నేర్పే పెద్దలున్నారు. పాఠాలకు మార్కులు వేసినట్లే పనిని కూడా పరీక్షించి నమోదు చేస్తారు. మన తాతలు చేసిన వెట్టిలో ఈ మూడింటిలో ఒక్కటైనా లేదు. ఊరిలో కొందరికే ఆ పని రాసిపెట్టారు, కూలి సరిగా ఇవ్వలేదు, ఇంకొక పని నేర్చుకోనివ్వలేదు. కాబట్టి మన తల్లిదండ్రులు అసహ్యించుకోవలసినది ఆ అన్యాయాన్నే గాని పనిని కాదు. మన ప్రభువు నజరేతులో వడ్రంగిగా బ్రతికాడు. పౌలు కొరింథులో డేరాలు కుట్టాడు.

డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, ఇంట్లో పాడైన స్విచ్చి కూడా బిగించలేని యౌవనస్థులు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. వారిని నిందించి ప్రయోజనం లేదు. మనమే వారికి పని నేర్పకుండా పెంచాము. ఈ వేసవి సెలవుల్లో మీ అబ్బాయినైనా అమ్మాయినైనా కుట్టుపని, వైరింగు, పంపుసెట్టు మరమ్మతు వంటి ఒక పనికి, దానిని ఓపికగా నేర్పగల వారి దగ్గరకు పంపండి. ఊరకే చాకిరీ చేయించుకునే చోటికి మాత్రం పంపకండి. వారు సంపాదించినది ఎంత కొంచెమైనా లెక్క వ్రాయడం నేర్పండి.

సంఘ పెద్దలకు మా మనవి ఒకటి. ఆదివారం ఉదయం మన మందిరం ఊడ్చే చీపురు ఎవరి చేతిలో ఉంటున్నదో చూడండి. అది ప్రతివారం ఒక్క బీద విధవరాలి చేతిలోనే ఉంటున్నట్లయితే, వచ్చే ఆదివారం నుండి ఇంటికొకరి చొప్పున వంతులు వేయండి. ఆ వంతుల పట్టీలో మొదట పెద్దల ఇళ్ల పేర్లు వ్రాయండి.