నోరు నొక్కేసి, కోర్టులో కేకెయ్యమంటామా?

మన పిల్లల్ని ఆటల పోటీలకు తీసుకెళ్లిన ప్రతిచోటా ఒకే మాట వింటున్నాం: "ఆదివాసీ పిల్లలకు కాళ్లలో బలముంది గానీ, గుండెలో తెగువ లేదు." ఈ మాటను మేము ఒప్పుకోం.

ఒకసారి జోనల్ కబడ్డీ పోటీల్లో మా కోయ అమ్మాయి కూతకెళ్లి ఇద్దరిని తాకి వచ్చింది. అంపైర్ ఒక్క పాయింటే ఇచ్చాడు. పిల్ల తల దించుకుంది. కెప్టెన్ కూడా చెయ్యెత్తలేదు. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. "నోరు లేదా మీకు?" అని గీత బయట నుంచి అరిచింది మేమే, వాళ్ల సార్లమే.

ఆ నోరు ఎక్కడికి పోయింది? క్లాసులో కోయ మాట్లాడితే బెత్తం చూపింది ఎవరు? హాస్టల్లో పప్పు నీళ్లలా ఉందన్న పిల్లను "ఎదురు చెప్తావా" అని ఎండలో నిలబెట్టింది ఎవరు? ఏడాదంతా తల వంచడం నేర్పి, అరగంట ఆటలో తలెత్తమంటే ఎట్లా ఎత్తుతారు?

తెగువంటే మోచేత్తో పొడవడమని, బూతులు తిట్టడమని కొందరు నేర్పుతున్నారు. అది తప్పు. కూతకు ఉండేది 30 సెకన్లు. ఆ లోపు ముందుకెళ్లాలా, వెనక్కి రావాలా అన్నది ఆ పిల్లే తేల్చుకోవాలి. మూలనున్న పిల్ల కేకేస్తే జట్టంతా ఒక్కసారిగా పట్టుకు కదలాలి. తప్పు తీర్పొస్తే కెప్టెన్ మర్యాదగానే, గట్టిగా అడగాలి. ఇవి తిడితే రావు, అలవాటు చేస్తే వస్తాయి.

అందుకే సాధనలో కేకలన్నీ కోయలోనే వెయ్యమన్నాం. ఎదుటి జట్టుకు అర్థం కాకపోవడం అదనపు లాభం! ఎప్పుడు పట్టాలో పిల్లలే చెప్పుకుంటారు. వంతులవారీగా ఒకరు అంపైర్‌గా నిలబడితే మిగతావాళ్లు ప్రశ్నిస్తారు. కూత తప్పినా తిట్లు లేవు. మొదట్లో గుసగుసలే వినిపించాయి. కొన్ని నెలలకు అదే పిల్లలు మెనూలో ఉన్న గుడ్డు ప్లేటులోకి ఎందుకు రాలేదని అడిగారు. "ఆటలు నేర్పి పిల్లల్ని చెడగొట్టారు" అన్నారు తోటి సార్లు. అసలు గుట్టు అక్కడే బయటపడింది. వాళ్లకు కప్పు కావాలి, ప్రశ్న వద్దు.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చిన భారత హాకీ జట్టుకు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా, ఆదివాసీ. ఆయనే రాజ్యాంగ సభలో మనందరి కోసం గొంతెత్తాడు. ఆటకొక గొంతు, హక్కుకొక గొంతు ఉండవు.

తోటి ఉపాధ్యాయులారా, రేపు ఒక పిల్ల క్లాసులో లేచి "సార్, మీరు చెప్పింది తప్పు" అంటే కూర్చోబెట్టకండి. మన జట్టుకు కెప్టెన్ ఆమే.