ఆట మళ్ళీ మొదలైంది, ఆడవాళ్ళేరీ?

ఇరాన్ జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో 1978-79 సీజన్‌కు విజేత లేరు. పోటీలు మధ్యలోనే ఆగిపోయాయి. 1973లో మొదలైన ఆ లీగ్ పేరు తఖ్తె జంషీద్ కప్. 1978 జూన్‌లో ఇరాన్ జట్టు మొదటిసారి ప్రపంచ కప్‌కు వెళ్ళింది, అర్జెంటీనాలో స్కాట్లాండ్‌తో 1-1 డ్రా చేసింది. ఆ ఉత్సాహంతో సాగాల్సిన సీజన్ ఇది. కానీ సెప్టెంబరు 8న టెహ్రాన్‌లో జాలే కూడలి దగ్గర సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. ఆ తర్వాత సమ్మెలు, ఊరేగింపులు. 1979 జనవరి 16న షా దేశం విడిచి వెళ్ళాడు. ఫిబ్రవరి 11కి రాచరికం కూలిపోయింది.

"ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే, చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు" అని సామెత. అంత ఉప్పెనలో ఆట ఆగిందని బాధపడడం అలాంటిదే కదా అని మీరు అడగొచ్చు. నిజమే. మనుషులు చనిపోతుంటే గోల్స్ లెక్క ఎవరికి కావాలి? ఆట ఆగడం గురించి నాకు ఫిర్యాదేమీ లేదు. ఆగిన ఆట మళ్ళీ మొదలైనప్పుడు ఎవరిని లోపలికి రానిచ్చారు, ఎవరిని బయట ఉంచేశారు అన్నదే నా ప్రశ్న.

ముందుగా పేర్లు మారాయి. తాజ్ అంటే కిరీటం. రాజే లేనప్పుడు కిరీటం ఎందుకని తాజ్ క్లబ్బును ఎస్తెగ్లాల్ చేశారు, అంటే స్వాతంత్ర్యం. షా బిరుదు మీద ఆర్యమెహర్ అని పిలిచే పెద్ద స్టేడియం ఆజాదీ స్టేడియం అయింది. ఆజాదీ అంటే ఏమిటో మనకెవరూ చెప్పక్కర్లేదు. తర్వాత ఇరాక్‌తో ఎనిమిదేళ్ళ యుద్ధం వచ్చింది. ఆ యుద్ధం ముగిశాక 1989లో ఖుద్స్ లీగ్, 1991లో ఆజాదగాన్ లీగ్ మొదలయ్యాయి. క్లబ్బులు తిరిగొచ్చాయి, అభిమానులు తిరిగొచ్చారు, పాత పోటీలూ పాత పంతాలూ తిరిగొచ్చాయి.

ఆడవాళ్ళు మాత్రం తిరిగి రాలేదు.

విప్లవానికి ముందు స్త్రీలు స్టేడియానికి వెళ్ళి మ్యాచ్ చూసేవారు. 1970లలో ఆడవాళ్ళ జట్లు కూడా ఉండేవి. అలాగని షా కాలం బంగారు కాలమని నేను అనడం లేదు. ఆ పాలన మీద విసిగి రోడ్ల మీదికి వచ్చినవాళ్ళలో స్త్రీలూ వేలమంది ఉన్నారు. కానీ విప్లవం గెలిచి నెల తిరగకుండానే, 1979 మార్చి 8న, తలమీద ముసుగు తప్పనిసరి చేయొద్దంటూ వాళ్ళే మళ్ళీ టెహ్రాన్ వీధుల్లోకి రావాల్సి వచ్చింది. స్టేడియం గేటు 1980ల మొదట్లో మూసుకుపోయింది. విచిత్రం ఏమిటంటే, స్త్రీలు ఫుట్‌బాల్ చూడకూడదని చట్టంలో ఎక్కడా రాయలేదు. అయినా నోటిమాట మీదే నలభై ఏళ్ళు గడిచిపోయాయి.

వాళ్ళు ఊరికే కూర్చోలేదు. 1997లో ఆస్ట్రేలియాతో 2-2 డ్రా చేసి ప్రపంచ కప్‌కు అర్హత సాధించిన జట్టు ఇంటికి వచ్చినప్పుడు, వేలమంది స్త్రీలు ఆజాదీ గేట్లు తోసుకుని లోపలికి వెళ్ళారు. మగవేషాలు వేసుకుని, గడ్డాలు అతికించుకుని వెళ్ళినవాళ్ళున్నారు. జాఫర్ పనాహీ 2006లో తీసిన 'ఆఫ్‌సైడ్' సినిమా అలాంటి అమ్మాయిల కథే. దాన్ని ఇరాన్‌లో ఆడనివ్వలేదు. 2019లో సహర్ ఖొదాయారీ అనే 29 ఏళ్ళ యువతి, మగవేషంలో మ్యాచ్‌కు వెళ్ళబోయి కేసులో ఇరుక్కుంది. జైలు తప్పదన్న భయంతో కోర్టు బయట ఆత్మాహుతికి పాల్పడి, సెప్టెంబరులో కన్నుమూసింది. ఎస్తెగ్లాల్ జట్టు రంగు నీలం కాబట్టి ఆమెను 'నీలి అమ్మాయి' అన్నారు. ఒక్క ఆట చూడాలనుకున్నందుకు ఇంత శిక్షా?

ఆ తర్వాతే ఫిఫా గట్టిగా పట్టుబట్టింది. 2019 అక్టోబరు 10న కంబోడియాతో జరిగిన మ్యాచ్‌కు సుమారు 3,500 మంది స్త్రీలను విడిగా కూర్చోబెట్టారు. ఇరాన్ 14-0తో గెలిచింది. దేశంలోని లీగ్ మ్యాచ్‌కు స్త్రీలను రానిచ్చింది మాత్రం 2022 ఆగస్టు 25న. అదీ ఎస్తెగ్లాల్ ఆటకే, అదీ 500 మందిని. 1979లో ఆగిన సీజన్ ఆడవాళ్ళ వరకు 2022లో మొదలైందనుకోవాలి, అదీ కొసరినట్టు.

ఇదంతా దూరదేశం గొడవ అనుకోకండి అక్కలూ చెల్లెళ్ళూ. మన దగ్గర ఊళ్ళో అల్లర్లయినా, ఎన్నికలయినా, ఇంకేదైనా ఆపద వచ్చినా మొదట వినపడే మాట "నాలుగు రోజులు ఆడపిల్లల్ని బయటికి పంపొద్దు" అనే. చెప్పేది ప్రేమతోనే కావచ్చు. ఆపద తీరాక మగపిల్లలు చెప్పకుండానే గ్రౌండుకి వెళ్ళిపోతారు. మనం మాత్రం మళ్ళీ అనుమతి అడగాలి. అడగకపోతే ఆ నాలుగు రోజులు నాలుగేళ్ళవుతాయి, తర్వాత అదే మన ఆచారం అంటారు.

అందుకని నేను కోరేది చిన్నదే. ఆటస్థలమైనా, సాయంత్రం లైబ్రరీ అయినా, ఊరి పోటీలైనా, మన క్షేమం కోసం "కొన్నాళ్ళు" మూస్తున్నామంటే సరే అందాం. కానీ మళ్ళీ తెరిచేది ఏ తేదీనో ఆ రోజే అడుగుదాం, కాగితం మీద రాయించుకుందాం. రాతలో లేని నిషేధాన్ని దాటడానికి ఇరాన్ స్త్రీలకు నలభై ఏళ్ళు పట్టింది.