మధ్యశ్రేణి గ్రాఫిక్స్ కార్డులలో మెమరీ పరిమాణం, వేగం

మధ్యశ్రేణి గ్రాఫిక్స్ కార్డు అనగా కంప్యూటరు తెరపై బొమ్మలను గీయడానికి వాడే కార్డులలో అతి చవకైనవాటికి, అతి ఖరీదైనవాటికి నడుమ ఉండే తరగతి. అమెరికా ధరలలో చెప్పుకుంటే, 2025లో విడుదలైనవాటిలో సుమారు 250 నుండి 450 డాలర్ల మధ్య ధర గలవి ఈ తరగతికి చెందుతాయి. ఈ కార్డులపై ప్రాసెసరుతో పాటు, దానికి మాత్రమే ఉపయోగపడే ప్రత్యేక మెమరీ ఉంటుంది. ఆ మెమరీలో ఎంత సమాచారం పడుతుంది అన్నది పరిమాణం. అందులోని సమాచారం ప్రాసెసరుకు ఎంత త్వరగా అందుతుంది అన్నది వేగం. కార్డు పెట్టెపై పరిమాణాన్ని పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తారు. వేగం గురించి చాలా పెట్టెలపై ఒక్క ముక్క కూడా కనబడదు. 2023 నుండి 8 జీబీ కార్డుల గురించి సాగుతున్న వివాదం అర్థం కావాలంటే ఈ రెండింటికీ గల తేడాను ముందుగా తెలుసుకోవాలి.

పరిమాణం వేరు, వేగం వేరు

చెరువులో ఎంత నీరు నిలుస్తుంది అన్నది ఒక లెక్క, తూము గుండా క్షణానికి ఎంత నీరు పారుతుంది అన్నది మరొక లెక్క. చెరువు ఎంత పెద్దదైనా తూము సన్నదైతే ఆయకట్టు చివరి పొలానికి నీరు వేళకు అందదు. తూము ఎంత వెడల్పైనా చెరువు చిన్నదైతే నీరు మధ్యలోనే అయిపోతుంది. గ్రాఫిక్స్ మెమరీకి ఈ పోలిక చాలా వరకు సరిపోతుంది.

వేగాన్ని సెకనుకు ఇన్ని గిగాబైట్లు అని కొలుస్తారు. దీనినే బ్యాండ్‌విడ్త్ అంటారు. లెక్క సులభమే. మెమరీకి, ప్రాసెసరుకు నడుమ ఉన్న దారి వెడల్పును బిట్లలో తీసుకొని 8తో భాగించాలి. వచ్చినదానిని ఒక్కొక్క తీగపై సెకనుకు నడిచే గిగాబిట్ల సంఖ్యతో గుణించాలి. ఉదాహరణకు ఎన్‌విడియా సంస్థ 2023లో విడుదల చేసిన ఆర్‌టీఎక్స్ 4060 టీఐ కార్డులో దారి వెడల్పు 128 బిట్లు, మెమరీ వేగం 18 గిగాబిట్లు. 128ని 8తో భాగిస్తే 16. 16ను 18తో గుణిస్తే 288. అనగా సెకనుకు 288 గిగాబైట్లు. ఈ లెక్కలో మెమరీ పరిమాణం ఎక్కడా రాలేదన్నది గమనించదగిన సంగతి.

మరి ఆ మెమరీని నింపేది ఏమిటి? తెరపై కనబడే బొమ్మే అని చాలామంది అనుకుంటారు. కాని 1920 × 1080 పిక్సెళ్ళ తెరకు, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున లెక్కిస్తే, ఒక ఫ్రేముకు సుమారు 8 మెగాబైట్లే పడుతుంది. లోపలి లెక్కలకు ఇటువంటివి మరికొన్ని అవసరమైనా, అసలు బరువు టెక్స్చర్లది. గోడలు, దుస్తులు, చర్మం మొదలైన ఉపరితలాలకు అతికించే బొమ్మలనే టెక్స్చర్లు అంటారు. 4096 × 4096 పిక్సెళ్ళ టెక్స్చరు కుదించకుండా ఉంచితే 64 మెగాబైట్లు పడుతుంది. పిక్సెల్‌కు ఒక బైటు చొప్పున కుదిస్తే 16 మెగాబైట్లు. దూరంనుండి చూసేటపుడు వాడే చిన్న ప్రతులను కూడ కలిపితే సుమారు 21 మెగాబైట్లు. ఒకే వస్తువుకు రంగుకొకటి, ఎగుడుదిగుడులకొకటి, నునుపుదనానికొకటి అని మూడు నాలుగు టెక్స్చర్లు ఉండడం మామూలు. ఒక దృశ్యంలో వందలకొద్దీ వస్తువులు ఉంటాయి కనుక గిగాబైట్లు ఎలా కరిగిపోతాయో పాఠకులే ఊహించుకోవచ్చును.

ఇక్కడినుండి రెండు లక్షణాల దారులు వేరవుతాయి. వేగం ప్రభావం ప్రతి ఫ్రేములోను ఎంతో కొంత ఉంటుంది. వేగం తగ్గితే ఫలితం క్రమంగా తగ్గుతుంది. పరిమాణం అలా కాదు. చాలినంత ఉన్నంతవరకు అదనంగా ఎంత ఉన్నా ప్రయోజనం లేదు. చాలకపోయిన క్షణంలో మాత్రం పరిస్థితి గట్టు తెగినట్లు మారిపోతుంది. అపుడు కార్డు తనలో పట్టని సమాచారాన్ని కంప్యూటరు ప్రధాన మెమరీలో ఉంచి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గం గుండా తెచ్చుకోవాలి. 4060 టీఐకి ఆ మార్గం 8 వరుసలదే. నాలుగవ తరం మదర్‌బోర్డులో దాని వేగం ఒక దిశలో సెకనుకు సుమారు 16 గిగాబైట్లు. 288తో పోలిస్తే ఇది 18వ వంతు. పాత మూడవ తరం బోర్డులో అదీ సగమై 8 గిగాబైట్లకు పడిపోతుంది. పాత కంప్యూటరులో కొత్త కార్డు పెట్టుకొనేవారు సాధారణంగా ఖర్చుకు వెనుకాడేవారే. మెమరీ చాలనపుడు ఎక్కువ దెబ్బ తగిలేది వారికే.

ఒకే పేరు, వేరు కార్డులు

పరిమాణం మారకుండా వేగం మాత్రమే తగ్గితే ఏమవుతుందో తెలియడానికి ఎన్‌విడియా జీటీ 1030 మంచి ఉదాహరణ. ఇది మధ్యశ్రేణి కార్డు కాదు, అంతకంటె చవకైనది. 2017లో వచ్చినపుడు 2 జీబీ జీడీడీఆర్5 మెమరీతో సెకనుకు 48 గిగాబైట్లు అందించేది. 2018లో అదే పేరుతో, అదే 2 జీబీ పరిమాణంతో డీడీఆర్4 రకం వచ్చింది. దాని వేగం 16.8 గిగాబైట్లు మాత్రమే. ప్రాసెసరు వేగాన్ని కూడ కొంత తగ్గించారు గాని ప్రధానమైన లోటు మెమరీదే. స్వతంత్ర పరీక్షలలో అనేక ఆటలలో ఫ్రేముల సంఖ్య దాదాపు సగానికి దిగిపోయింది. పెట్టెపై "2 జీబీ" అన్న మాట మాత్రం మారలేదు.

మధ్యశ్రేణిలో ఇటువంటిదే ఆర్‌టీఎక్స్ 3060. 2021లో ఇది 12 జీబీ మెమరీతో, 192 బిట్ల దారితో, సెకనుకు 360 గిగాబైట్ల వేగంతో వచ్చింది. 2022 చివరలో 8 జీబీ రకం వచ్చింది. ప్రాసెసరులోని 3584 కోర్లు అలాగే ఉన్నాయి. దారి మాత్రం 128 బిట్లకు, వేగం 240 గిగాబైట్లకు తగ్గింది. 4 జీబీ తక్కువ అని చూసినవారికి, మూడింట ఒక వంతు వేగం కూడ పోయిందన్న సంగతి తెలియలేదు. అందువలన 8 జీబీ పూర్తిగా సరిపోయే ఆటలలో కూడ ఈ కార్డు వెనుకబడింది. అంతకు ముందు 2016లో జీటీఎక్స్ 1060 విషయంలో 3 జీబీ, 6 జీబీ రకాల మెమరీ వేగం సమానమే గాని, 3 జీబీ రకంలో కోర్లను 1280 నుండి 1152కు తగ్గించారు. దానిని వేరే పేరుతో అమ్మి ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

2020 జనవరిలో ఏఎమ్‌డీ సంస్థ ఆర్‌ఎక్స్ 5600 ఎక్స్‌టీని విడుదల చేసేముందు, పోటీ కార్డు ధర తగ్గడం చూసి, మెమరీ వేగాన్ని 12 నుండి 14 గిగాబిట్లకు పెంచుతూ కొత్త బయోస్ ఇచ్చింది. అనగా 288 గిగాబైట్లు 336 అయ్యాయి. అప్పటికే తయారై దుకాణాలకు చేరిన కార్డులకు ఈ మార్పును కొన్నవారే చేసుకోవలసి వచ్చింది. ఇది కొనుగోలుదారుకు మేలు చేసిన మార్పే అయినా, ఒకే పేరుగల కార్డులు ఒకేలా ఉంటాయన్న నమ్మకానికి మాత్రం మేలు చేయలేదు.

జీటీఎక్స్ 970 సంగతి వీటన్నిటికంటె విచిత్రమైనది. 2014 సెప్టెంబరులో 4 జీబీ కార్డుగా వచ్చిన దీనిలో 3.5 జీబీ భాగం మాత్రమే సెకనుకు 196 గిగాబైట్ల వేగంతో పని చేస్తుందని, మిగిలిన అర జీబీ వేగం 28 గిగాబైట్లేనని 2015 జనవరిలో బయటపడింది. 4 జీబీ ఉన్నమాట నిజమే. కాని చెరువులో ఒక మూలనున్న నీటికి పిల్లకాలువ తప్ప దారి లేదు. అమెరికాలో దీనిపై దావా నడిచి, 2016లో కొన్నవారికి కార్డుకు 30 డాలర్ల చొప్పున ఇవ్వడానికి సంస్థ అంగీకరించింది.

8 జీబీ వివాదం

2016లో ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 480 కార్డు 8 జీబీ మెమరీతో 239 డాలర్లకు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 379 డాలర్లకు వచ్చింది; దానిలోనూ 8 జీబీయే. ఈ తొమ్మిదేళ్ళలో ఆటలు అక్కడే ఆగలేదు. 2020 నవంబరులో విడుదలైన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ యంత్రాలలో 16 జీబీ ఉమ్మడి మెమరీ ఉన్నది. ఆటల నిర్మాతలు పాత యంత్రాలను వదిలి వీటికోసమే వ్రాయడం మొదలుపెట్టాక, ఆ ఆటలు కంప్యూటర్లకు వచ్చినపుడు 8 జీబీ చాలకపోవడం కనబడింది. 2023 మార్చిలో కంప్యూటర్లకు వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. 8 జీబీ కార్డులలో టెక్స్చర్లను ఒక మెట్టు దించితే అవి మరీ నాసిగా కనబడేవి. ఆ తరువాతి సవరణలలో మధ్యస్థాయి టెక్స్చర్లు చాలా మెరుగుపడ్డాయి. కనుక తప్పంతా కార్డుదే అనడం న్యాయం కాదు. ఆట వ్రాసినవారి బాధ్యత కూడ ఉన్నది.

ఈ వివాదాన్ని తేల్చడానికి ఆర్‌టీఎక్స్ 4060 టీఐ చక్కని ప్రయోగంగా ఉపయోగపడింది. 2023 మేలో 399 డాలర్లకు 8 జీబీ రకం, జూలైలో 499 డాలర్లకు 16 జీబీ రకం వచ్చాయి. రెండింటిలోను ప్రాసెసరు ఒకటే, వేగం అదే 288 గిగాబైట్లు. ప్రయోగశాలలో ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి చూసినట్లు, ఇక్కడ పరిమాణం ఒక్కటే మారింది. ఫలితం ఊహించినట్లే వచ్చింది. ఎక్కువ ఆటలలో రెంటికీ తేడా లేదు. 100 డాలర్లు వృథా అనిపించింది. మెమరీ నిండిపోయే కొన్ని ఆటలలో మాత్రం 8 జీబీ రకం ఆగి ఆగి నడిచింది. రెండు వర్గాలవారూ తమ వాదానికి అనుకూలమైన ఆటలను ఎంచుకొని వాదించుకొన్నారు. నిజానికి రెండు పరిశీలనలూ సరైనవే.

ఇందులో మరొక చిక్కు ఉన్నది. కొన్ని ఆటలు మెమరీ చాలనపుడు వేగం తగ్గించుకోకుండా, చెప్పకుండా టెక్స్చర్ల నాణ్యతను తగ్గిస్తాయి. పట్టికలో రెండు కార్డులకూ ఒకే అంకె కనబడుతుంది. తెరపై ఒకదానిలో గోడ రాళ్ళు స్పష్టంగా, మరొకదానిలో మసకగా ఉంటాయి. ఫ్రేముల సగటు కూడ ఇటువంటి మోసమే చేస్తుంది. తరగతి సగటు 70 మార్కులన్నంత మాత్రాన అందరూ ఉత్తీర్ణులైనట్లు కాదు కదా. అందుకే మంచి పరీక్షలలో సగటుతో పాటు అతి నిదానమైన ఒక శాతం ఫ్రేముల లెక్కను కూడ ఇస్తారు. మెమరీ కొరత ముందుగా బయటపడేది ఆ లెక్కలోనే.

2025లో వచ్చిన 5060 టీఐలో కొత్త జీడీడీఆర్7 మెమరీ వాడడం వలన అదే 128 బిట్ల దారిలో వేగం 448 గిగాబైట్లకు చేరింది. తూము వెడల్పు సమస్య చాలావరకు తీరిందన్నమాట. చెరువు మాత్రం చవక రకంలో పాతదే. 16 జీబీ రకం ధర 429 డాలర్లు, అనగా తేడా 50 డాలర్లు. విడుదల సమయంలో పరీక్షకులకు ఎక్కువగా 16 జీబీ కార్డులనే అందజేశారు. 8 జీబీ రకాన్ని పలువురు దుకాణంలో కొని పరీక్షించారు. ఆ ఏడాది జూన్‌లో ఏఎమ్‌డీ కూడ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీని 8 జీబీకి 299, 16 జీబీకి 349 డాలర్లుగా, ఒకే పేరుతో విడుదల చేసింది. 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580 మాత్రం 249 డాలర్లకే 12 జీబీ, 456 గిగాబైట్ల వేగం ఇచ్చింది. ఇంత తక్కువ ధరకు ఇవ్వడం సాధ్యమేనని దానివలన తెలిసింది.

క్యాషె పాత్ర

బ్యాండ్‌విడ్త్ అంకెను కూడ గుడ్డిగా పోల్చరాదు. 2020లో వచ్చిన 3060 టీఐ వేగం 448 గిగాబైట్లు. దాని తరువాతిదైన 4060 టీఐ వేగం 288 మాత్రమే. అయినా 1080 తెరపై కొత్తదే కొంత ముందున్నది. ప్రాసెసరులోనే ఉండే క్యాషె మెమరీని 4 మెగాబైట్ల నుండి 32 మెగాబైట్లకు పెంచడం ఇందుకు ఒక ముఖ్య కారణం. కావలసిన సమాచారం అక్కడే దొరికితే తూముదాకా వెళ్ళే పని లేదు. తెర పెద్దదైతే క్యాషెలో దొరికే పాలు తగ్గుతుంది. అందువలన 4కే తెరపై ఆ ఆధిక్యం కరిగిపోయింది. క్యాషె వేగం కొరతను కొంత కప్పగలదు గాని పరిమాణం కొరతను కప్పలేదు.

8 తరువాత 16 ఎందుకు?

10 జీబీయో 12 జీబీయో ఇవ్వవచ్చు కదా అన్న ప్రశ్న విద్యార్థులు అడగదగినదే. ఒక్కొక్క మెమరీ చిప్పుకు 32 బిట్ల దారి కావాలి. 128 బిట్లకు నాలుగు చిప్పులు పడతాయి. ఈ కార్డులలో వాడిన చిప్పు ఒక్కొక్కటి 2 జీబీ కనుక మొత్తం 8. బోర్డు వెనుకవైపు కూడ నాలుగు చిప్పులు అతికిస్తే 16. దారి అంతే కనుక వేగం పెరగదు. 12 కావాలంటే 192 బిట్ల దారి ఉండాలి. దానివలన ప్రాసెసరు చిప్పు పెద్దదై ఖర్చు పెరుగుతుంది. 3 జీబీ జీడీడీఆర్7 చిప్పులు వాడితే 128 బిట్ల దారితోనే 12 వస్తుంది. అటువంటి చిప్పులను 2025లో ముందుగా ఖరీదైన ల్యాప్‌టాపులలోను, వృత్తినిపుణుల కార్డులలోను వాడారు. అదే ఏడాది చివరలో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వలన మెమరీ ధరలు బాగా పెరిగాయి. మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరుతో జరిపే వినియోగదారుల వ్యాపారం నుండి తప్పుకొంటున్నట్లు డిసెంబరులో ప్రకటించింది. చవక కార్డులలో మెమరీ పెరుగుతుందన్న ఆశకు ఇది అనుకూలమైన వాతావరణం కాదు.

కొనేముందు, కొన్న తరువాత

ఆటలకు కాక ఇంట్లోనే భాషా నమూనాలను నడపడానికి కార్డు కొనేవారికి కూడ ఇదే సూత్రం వర్తిస్తుంది. 700 కోట్ల పరామితులున్న నమూనాకు, ఒక్కొక్కటి 16 బిట్లు చొప్పున, 14 జీబీ కావాలి. 4 బిట్లకు కుదిస్తే 3.5 జీబీ చాలును. నమూనా పడుతుందా లేదా అన్నది పరిమాణం చెబుతుంది. ప్రతి పదఖండానికి నమూనా అంతటినీ ఒకసారి చదవాలి కనుక, 288ని 3.5తో భాగిస్తే వచ్చే 82 సెకనుకు దాటరాని హద్దు; ఇది వేగం చెప్పేది.

దుకాణంలో అడగవలసినవి నాలుగు: మెమరీ ఎన్ని జీబీ, ఏ రకం, దారి ఎన్ని బిట్లు, బ్యాండ్‌విడ్త్ ఎంత. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాము వీటన్నిటినీ ఒకే కిటికీలో చూపుతుంది. బిల్లు చేయించేముందు చూడడం మంచిది. ఇప్పటికే 8 జీబీ కార్డు ఉన్నవారు ఆట ఆగి ఆగి నడిస్తే ముందుగా టెక్స్చర్ల నాణ్యతను ఒక మెట్టు తగ్గించి చూడాలి. దానితో కుదుటపడితే కొరత పరిమాణానిది. మార్పు లేక, తెర పిక్సెళ్ళను తగ్గించినపుడు ఫ్రేములు పెరిగితే కొరత వేగానిదో ప్రాసెసరుదో అయి ఉంటుంది. ల్యాప్‌టాపు కొనేవారు మరింత జాగ్రత్త వహించాలి. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060, 4070 ల్యాప్‌టాపు రకాలు రెండింటిలోను 8 జీబీయే, రెండింటి దారి 128 బిట్లే. పైగా ఆ మెమరీని బోర్డుకు సోల్డరు చేసి ఉంచుతారు కనుక తరువాత పెంచుకొనే వీలు లేదు.