గింజ పెరిగితే చాలదు.. కాడ నిలవాలి!

అమలాపురం: సార్వా వరి గింజ పాలుపోసుకునే వేళకు కోనసీమ రైతు చూపు ఆకాశం మీదనే ఉంటుంది. 1996 నవంబరు 6 నాటి పెనుతుపాను మొదలు, 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం సమీపాన తీరం దాటిన మొంథా వరకు ఈ ప్రాంతానికి అనుభవం నేర్పిన పాఠం ఒక్కటే. కంకి ఎంత బరువుగా ఉన్నా చేను పడిపోతే గింజ దక్కదు. వరి జన్యువులను సరిదిద్ది దిగుబడి పెంచామని శాస్త్రవేత్తలు ప్రకటిస్తున్న ఈ తరుణంలో కొత్త వంగడాలను ఆ పాఠంతోనే బేరీజు వేయాల్సి ఉంది.

పొట్టి కాడతో మొదలు

1960ల వరకు డెల్టాలో పండినవి ఎక్కువగా పొడుగు కాడ రకాలే. ఎరువు వేస్తే మరింత ఎదిగి పడిపోయేవి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్-8 ఈ పరిస్థితిని మార్చింది. వశిష్ఠకు ఆవల ఆచంటలో నెక్కంటి సుబ్బారావు 1967లోనే దానిని సాగుచేసి, తోటి రైతులలో ప్రచారం కల్పించారు. ఆ రకం పొట్టిదనానికి కారణం ఎస్‌డి-1 అనే జన్యువులోని లోపమని 2002లో తేలింది. ఆ లోపం వల్ల కాడను సాగదీసే జిబ్బరెల్లిన్ హార్మోను తక్కువగా తయారవుతుంది. కాడకు పోయే బలం గింజకు మళ్లుతుంది. మార్టేరు పరిశోధన స్థానం నుంచి 1982లో వెలువడి, సార్వాలో కోనసీమ రైతు నమ్ముకున్న స్వర్ణ (ఎంటీయూ 7029) కూడా పొట్టి కాడ రకమే.

కంకిపై కన్ను

ఇప్పుడు పరిశోధకుల దృష్టి కంకిపైకి మళ్లింది. కంకిలో గింజల సంఖ్యను అదుపు చేసే జీఎన్-1ఏ జన్యువును జపాన్ శాస్త్రవేత్తలు 2005లో గుర్తించారు. సైటోకైనిన్ హార్మోనును విచ్ఛిన్నం చేయడం దాని పని. దానిని బలహీనపరిస్తే లేత కంకిలో ఆ హార్మోను నిలిచి, గింజలు పెరుగుతాయి. హైదరాబాదులోని భారత వరి పరిశోధన సంస్థ సాంబమసూరిలో ఈ జన్యువునే సరిదిద్ది ‘కమల’ను రూపొందించింది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ మన మార్టేరు రకమైన ఎంటీయూ 1010లో డీఎస్‌టీ జన్యువును సవరించి ‘పూసా డీఎస్‌టీ రైస్-1’ను తయారుచేసింది. 2025 మే 4న కేంద్రం ఈ రెండింటినీ ప్రకటించింది. కమల 19 శాతం అధిక దిగుబడి ఇస్తుందని, 20 రోజులు ముందుగా కోతకు వస్తుందని, పూసా రకం చౌడు, ఉప్పు నేలల్లో 9.66 నుంచి 30.4 శాతం వరకు అదనంగా పండుతుందని పేర్కొంది. జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించే సంఘాలు ఈ ప్రయోగ ఫలితాలను ప్రశ్నించాయి.

ఇక్కడి నేలలో తేలాలి

తుపానులకు ముందే పంట ఇంటికి చేరాలంటే 20 రోజులు తక్కువేమీ కాదు. అయితే నారుమడికి నీరు సకాలంలో అందితేనే ఆ ప్రయోజనం దక్కుతుంది. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ గుండా ఎగదన్నే ఉప్పునీరు కొబ్బరితోటలనే దెబ్బతీసింది. అటువంటి తీరగ్రామాలకు ఉప్పును తట్టుకునే వరి అవసరం ఎంతైనా ఉంది. కానీ కంకిలో గింజలు పెరిగిన కొద్దీ కాడపై భారమూ పెరుగుతుంది. ఈదురుగాలిలో, నిలిచిన నీటిలో ఆ కాడ నిలుస్తుందా అన్నది అల్లవరం, ఉప్పలగుప్తం, సఖినేటిపల్లి చేలల్లోనే తేలాలి.

ముంపు విషయంలోనూ జన్యువుకు హద్దులున్నాయి. ఒడిశా దేశవాళీ వరి నుంచి వచ్చిన సబ్-1 జన్యువుతో రూపొంది, 2009లో విడుదలైన స్వర్ణ-సబ్1 పైరు దశలో సుమారు రెండు వారాల ముంపును తట్టుకోగలదు. ఈనిన తరువాత పడిపోయి నీటిలో నానే చేనును మాత్రం అది కాపాడలేదు. నీటిని తీసివేయవలసింది డ్రెయిను. పూడిపోయిన మురుగుకాలువలు, గిట్టుబాటు కాని ధరలు విసిగించినందునే 2011 సార్వాలో కోనసీమ రైతులు వేలాది ఎకరాలకు పంట విరామం ప్రకటించారు. ఆనాడు వారికి కొరవడింది మంచి విత్తనం కాదు.

కనుక కొత్త విత్తనం అంగళ్లకు చేరకముందే మార్టేరు శాస్త్రవేత్తల పర్యవేక్షణలో కోనసీమ రైతుల పొలాల్లో, స్వర్ణ పక్కనే దానిని నాటి చూడాలి. బస్తాల లెక్కతో పాటు ఎంత చేను పడిందో, ఎంత గింజ తాలు పోయిందో కూడా నమోదుచేసి రైతుల ముందుంచాలి. వానలకు ముందే డ్రెయిన్ల పూడిక తీయాలి. జన్యువు కంకిని నింపవచ్చు గాని, కాలువను తవ్వలేదు. ఆ బాధ్యత ప్రభుత్వానిదే.