హైదరాబాదు యాత్ర: ఎన్ని చూతము, ఎట్లు చూతము?

వేసవి సెలవులు దగ్గర పడుచున్నవి. మన సంఘములోని కొన్ని కుటుంబములవారు కలసి పిల్లలకు హైదరాబాదు చూపించుకొని రావలెనని సంకల్పించినారు. సంతోషము. అయితే ఇందుకై తయారు చేసిన పట్టిక మా చేతికి వచ్చినది. శుక్ర, శనివారములు రెండు దినములలో చార్మినారు, సాలార్‌జంగు ప్రదర్శనశాల, గోలకొండ, జంతుప్రదర్శనశాల, బిర్లా మందిరము, హుస్సేన్‌సాగరము, రామోజీ ఫిల్మ్ సిటీ, ఇవి చాలవన్నట్లు బట్టల దుకాణములు. రాత్రి బస్సులో పోవుట, రాత్రి బస్సులో వచ్చుట. పైగా సాలార్‌జంగు ప్రదర్శనశాలను శుక్రవారమునకు వ్రాసినారు. శుక్రవారము దానికి సెలవు! ముప్పదిమంది పిల్లలతో మూసిన తలుపుల ముందు నిలువబడవలసి వచ్చును.

దినము మార్చుకొనుట సులభమే. మా అభ్యంతరము అంతకంటె పెద్దది. ఈ యాత్ర ఎందులకో ముందు తేల్చుకొనకుండ పట్టిక వ్రాసినారని మా అభిప్రాయము.

మనవారిలో పెక్కురు మూడు నాలుగు తరములుగా ఇచట స్థిరపడినవారు. కొందరి తాతలు బొగ్గుగనులకు, కొందరివారు బల్లార్‌పూరు కాగితపు మిల్లునకు, మావంటివారి పెద్దలు వర్తకమునకు వచ్చిరి. పిల్లలు బడిలో మరాఠీ చదువుచున్నారు. అందు తప్పేమియు లేదు, అది మనకు అన్నము పెట్టిన నేల భాష. ఇంటిలో తెలుగు మాటలాడుదురు. కాని తెలుగు అక్షరము ఎదుట పెట్టినచో తెల్లబోవుదురు. పెండ్లి శుభలేఖ తెలుగులో వచ్చినప్పుడు నాయనమ్మ చేతికిచ్చి చదివించుకొను ఇండ్లు మన వీధులలో ఎన్ని లేవు? ఆ నాయనమ్మల తరము గడచిన పిమ్మట ఆ శుభలేఖ ఎవరు చదువవలెను?

ఎటు చూచినను తెలుగు అక్షరములు కనబడు మహానగరము మనకు ఒక్క పగటి ప్రయాణమంత దూరములో ఉన్నది. అక్కడికి పిల్లలను నిద్రలో తీసికొనిపోయి నిద్రలో తీసికొనివచ్చుట మాకు రుచించుట లేదు. కావున మొదటి మాట, పగటి రైలులో పోవలెను. 2024 సెప్టెంబరు 16 నుండి నాగపురము, సికింద్రాబాదుల నడుమ వందే భారత్ నడుచుచున్నది. అది మన చంద్రపూరులోను బల్లార్షాలోను ఆగును, వేగముగా పోవును. తొందర గలవారికి అది మేలు. పిల్లలకు మాత్రము నడుమ స్టేషన్లలో నిలుచు బండియే మేలని చెప్పుదుము. బల్లార్షా విడిచి వార్ధా నది దాటిన కొంతసేపటికి ఫలకములమీద తెలుగు మొదలగును. సిర్పూరు, కాగజ్‌నగర్, ఆసిఫాబాదు రోడ్డు, బెల్లంపల్లి, మంచిర్యాల. అటుపైన గోదావరి, రామగుండము, కాజీపేట. పేరును దేవనాగరిలో చదివి, దాని ప్రక్కనున్న తెలుగు అక్షరములతో పోల్చి చూచుకొన్నచో, గోదావరి దాటులోపల చురుకైన పిల్లలు పది పదునైదు అక్షరములు పట్టుకొందురు. ఇంతకంటె చవుకైన బడి మా ఎరుకలో లేదు. టిక్కెట్టు కొనునపుడు దిగు స్టేషను చూచుకొనవలెను. కొన్ని బండ్లు ఇప్పుడు సికింద్రాబాదునకు గాక, 2025 జనవరి 6న ప్రారంభమైన చర్లపల్లి క్రొత్త స్టేషనునకు పోవుచున్నవి.

ఇక నగరములో చూడవలసినవి. సాలార్‌జంగు ప్రదర్శనశాల తప్పక చూడవలసినదే. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన వస్తువులివి. ఆయన 1949లో గతించిన తరువాత, 1951 డిసెంబరు 16న జవాహర్‌లాల్ నెహ్రూ దీనిని ప్రారంభించిరి. మూసీ ఒడ్డుననున్న ఇప్పటి భవనములోనికి 1968లో మారినది. అన్ని గదులు చూతమన్నచో పిల్లల కాళ్లు పడిపోవును, కన్నులకు ఏదియు నిలువదు. ముసుగు వేసికొన్న రెబెక్కా పాలరాతి విగ్రహము చూపుడు. 1876లో బెంజోనీ యను ఇటలీ శిల్పి చెక్కినది. రాయి పలుచని బట్టయై ముఖమునకు అంటుకొన్నట్లుండును. గంట గంటకు చిన్న బొమ్మ బయటకు వచ్చి గంట కొట్టు గడియారము చూపుడు. అది పండ్రెండు కొట్టు వేళకు జనము క్రిక్కిరిసియుందురు గాన మరియొక గంటకు పోవుట మంచిది. మరి రెండు గదులు చూచి బయటకు రండు. చార్మినారు దగ్గరనే యున్నది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించినది. ఆడవారికి లాడ్ బజారు గాజులు ఎట్లును ఉండనే ఉన్నవి, మేము వద్దన్నను ఆగువారెవరు?

గోలకొండకు ఉదయము ద్వారము తెరచు వేళకే పోవలెను. ఎండ ముదిరిన తరువాత ఆ మెట్లెక్కుట పెద్దలకు ప్రమాదము. ఫతే దర్వాజా క్రింద చప్పట్లు కొట్టిన పైన బాలాహిస్సారులో వినబడును. పిల్లలు అక్కడనే గంటసేపు గడుపుదురు, గడపనిండు. అయితే రామదాసు చెర చూడకుండ దిగి రాకుడు. కంచర్ల గోపన్న భద్రాచల రాముని గుడికి సర్కారు సొమ్ము వెచ్చించెనని తానీషా కాలమున ఇక్కడ బంధింపబడెను. మన ఇండ్లలో ఆయన కీర్తనలు పాడని శ్రీరామనవమి లేదు. పాడు పిల్లవాడు ఆ గోడల నడుమ ఒకసారి నిలువబడవలెను.

పట్టికలో హుస్సేన్‌సాగరమునకు "బస్సులోనుండియే" అని వ్రాసినారు. మాకు కోపము తెప్పించిన మాట ఇదియే. నీటి నడుమ నిలిచిన బుద్ధుని దూరమునుండి చూడవచ్చును గాక, కట్టమీది విగ్రహములను బస్సులోనుండి చూచుట యేమి? 1986లో నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు అచ్చట తెలుగు మహనీయుల విగ్రహములు వరుసగా నిలిపించిరి. నన్నయ, తిక్కన, ఎఱ్ఱన, పోతన, మొల్ల, వేమన, అన్నమయ్య, త్యాగయ్య, వీరేశలింగము, గురజాడ, జాషువా, శ్రీశ్రీ. ఉర్దూ కవి మఖ్దూముకును అక్కడ చోటు కలదు. 2011 మార్చిలో తెలంగాణ ఉద్యమవేళ వీనిలో కొన్ని పడద్రోయబడినవి, తరువాత మరల నిలిపినారు. మనలో ఉభయ ప్రాంతములవారును ఉన్నారు. ఇక్కడ ఒకే బండిలో కలసి పోవుచున్నాము గనుక, ఆ సంగతియు పిల్లలడిగిన దాచక చెప్పవచ్చును.

ఆ కట్టమీద తరువాతి కాలమున కొమరం భీం విగ్రహమును నిలిపినారు. గోండు వీరుడు. అడవి, భూమి, నీరు తమవారికే చెందవలెనని నిజాము ప్రభుత్వమునకు ఎదురు నిలిచి, 1940లో జోడేఘాటు వద్ద ప్రాణములు విడిచెను. 2016లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టినారు. ఆసిఫాబాదు రోడ్డులో ఆగిన బండిలోనుండి పిల్లలు చూచునది ఆ సీమనే. యౌవనమున ఆయన తప్పించుకొని మన చాందాకు వచ్చి, విఠోబా యను అచ్చుయంత్రము గల పెద్దమనిషి కడ ఆశ్రయము పొంది చదువు నేర్చుకొనెనని చెప్పుదురు. మన ఊరికి పరుగెత్తి వచ్చిన మనిషి ఆ మహానగరమున విగ్రహమై నిలిచినాడు! మన పిల్లలు ఆయనయెదుట రెండు నిముషములు నిలువవలదా? తెల్లవారుజామున, ఎండ రాకముందే, నడచుచు ఒక్కొక్క పేరు పిల్లలచేత చదివింపవలెను. కూడబలుకుకొని చదివినను సరియే.

భీముని మాట వచ్చినది గనుక మరొకటి. హైదరాబాదు బయలుదేరుటకు ముందొక ఆదివారము పిల్లలను మన గోండు రాజుల కోటగోడ వెంబడి జట్పురా ద్వారమునుండి నడిపింపుడు. ఇన్నేండ్లుగా ఆ ద్వారము క్రిందుగా అంగళ్లకు పోవుచు తల యెత్తి చూడనివారు మనలో లేకపోలేదు.

రామోజీ ఫిల్మ్ సిటీ ఎందుకు తీసివేయవలెనని యువకులు అడుగుచున్నారు. దానికి మేము విరోధులము కాము. ఒక పూర్ణదినము మ్రింగును, ప్రవేశరుసుము భారీగా ఉండును. వర్తకులము గనుక లెక్క మాకు ముందు తోచును. అయిదుగురున్న ఇంటికి ఆ ఒక్క దినపు ఖర్చుతో నగరములో మరొక రోజు నిలువవచ్చును. కోరువారు వేరుగా ఒక రోజు ఉండి పోవచ్చును. అందరి సొమ్ము కలిపిన పట్టికలో దానిని చేర్చుట న్యాయము కాదు. కూలిపని చేసికొను కుటుంబములును మనతో రాదలచియున్నవి.

మా సూచన ఇది. శుక్రవారము ఉదయము బండి ఎక్కుట. శనివారము ప్రదర్శనశాల, చార్మినారు. ఆదివారము తెల్లవారి కట్ట, పిమ్మట గోలకొండ, సాయంకాలము బిర్లా మందిరము. సోమవారము జంతుప్రదర్శనశాలకు సెలవు గనుక ఆ దినము తిరుగు ప్రయాణము. జంతువులను చూడలేదని ఏడ్చు చిన్నవారికి తాడోబా మన ఇంటి ముంగిటనే యున్నది. మోకాళ్ల నొప్పులు గల పెద్దలు గోలకొండ క్రింద నీడపట్టున కూర్చుండుటకు తోడుగా ఇద్దరిని ముందే నియమింపవలెను. పేర్లు ఇచ్చువారు తమ పిల్లల వయస్సు, తెలుగు చదువ వచ్చునో రాదో కూడ వ్రాసి ఇచ్చినచో, బండిలో ఎవరి ప్రక్కన ఎవరిని కూర్చుండబెట్టవలెనో మేము చూచుకొందుము.