సైప్రస్ వరకే

1932 మే నెల. జర్మనీలోని ఉల్మ్ పట్టణం, డాన్యూబ్ నది ఒడ్డు. ఓస్కార్ స్పెక్ అనే పాతికేళ్ల యువకుడు మూటలోంచి కర్ర చట్రం తీసి బిగించాడు. రబ్బరు పూత వేసిన గుడ్డ తొడుగులో దాన్ని కూర్చాడు. అది పడవ అయింది. కయాక్ అంటారు. మడతపెట్టి రైలులో తీసుకుపోగలిగే ఇలాంటి పడవలు ఆ రోజుల్లో జర్మనీలో బాగా వాడుకలో ఉండేవి. పొడవు అయిదున్నర మీటర్లు. ఇద్దరి కోసం చేసినదాన్ని ఒక్కడికి సరిపోయేలా మార్చి, మిగిలిన చోట సామాను సర్దుకున్నాడు. నదిలోకి దించి తెడ్డు వేశాడు. ఏడేళ్లకు పైగా సాగి, దాదాపు 50 వేల కిలోమీటర్లు దాటి, ఆస్ట్రేలియాకు చెందిన సైబాయ్ దీవిలో ముగిసిన ప్రయాణానికి అది మొదటి రోజు.

అయితే ఆ రోజు అతని మనసులో ఆస్ట్రేలియా లేదు. కరెంటు పనులు చేసుకుని బతికే మనిషి. 1931లో ఆ జీవనాధారం పోయింది. 1932 ఆరంభానికి జర్మనీలో పని లేనివారి సంఖ్య 60 లక్షలు దాటింది. సైప్రస్ దీవిలో రాగి గనులున్నాయి, అక్కడ పని దొరకవచ్చు అనుకున్నాడు. అంతే. లోకం చుట్టి రావాలని కాదు, పేరు తెచ్చుకోవాలని కాదు, పని కోసం బయలుదేరాడు. మన కోనసీమ నుంచి, కడప నుంచి, కరీంనగర్ నుంచి గల్ఫు విమానం ఎక్కేవారి మొదటి రోజుకూ అతని మొదటి రోజుకూ పెద్ద తేడా లేదు.

సైప్రస్ చేరాక అతను గనుల్లోకి దిగలేదు. పడవ ముందుకే సాగింది. సిరియా, యూఫ్రటీసు నది, పర్షియా తీరం, బొంబాయి, 1935లో శ్రీలంక. అక్కడి నుంచి తూర్పు తీరం వెంట మద్రాసు మీదుగా కలకత్తా. అంటే మన కోస్తా కూడా అతని దారిలోనిదే. ఇవేవీ ఉల్మ్‌లో వేసుకున్న లెక్కలు కావు.

ఇక మన సంగతి చూద్దాం. కుమారుడు దుబాయి వెళ్తున్నాడన్నా, కుమార్తె నర్సింగులో చేరుతోందన్నా తల్లిదండ్రులు సంఘకాపరి దగ్గరికి వచ్చి అడిగేది ఒకటే. ‘అయ్యగారూ, ఇది దేవుని చిత్తమేనా? అక్కడ స్థిరపడతాడా?’ మొదటి రోజు గురించి కాదు, చివరి రోజు గురించి ప్రశ్న. అడగడంలో తప్పు లేదు. తల్లి మనసు అలాగే అడుగుతుంది. కానీ దానికి జవాబు సిద్ధంగా పెట్టుకున్న బోధకులను చూస్తే భయం వేస్తుంది. ఫలానా నెలలో వీసా వస్తుంది, ఫలానా దేశంలో ఇల్లు కట్టుకుంటావు అని ప్రవచనాలు చెప్పి పంపుతున్నారు. ఆ మాట పట్టుకుని పొలం అమ్ముకున్నవారున్నారు. జోస్యాన్ని ఖండించే పుల్పిట్ మీద నుంచే జోస్యం చెప్పడం ఏమిటి?

వాక్యం దగ్గరికి వస్తే, మనం అబ్రాహామును తలచుకున్నంతగా అతని తండ్రి తెరహును తలచుకోం. ఊరు అనే పట్టణం నుంచి కుటుంబాన్ని కదిలించినది తెరహు. ఎక్కడికో కూడా అతనికి తెలుసు. కనానుకు వెళ్లాలనే బయలుదేరాడని ఆదికాండం 11వ అధ్యాయం చెబుతోంది. చేరలేదు, హారానులో ఆగిపోయాడు. ఆ తరువాతి అధ్యాయంలో అబ్రాముకు వచ్చిన పిలుపులో దేశం పేరే లేదు. చూపిస్తానన్న మాట మాత్రమే ఉంది. అప్పటికి అతని వయసు 75 ఏళ్లు. గమ్యం పేరు తెలిసినవాడు దారిలో ఆగిపోయాడు, పేరు తెలియనివాడు కనాను మట్టి తొక్కాడు. దీని మీద మనం ప్రసంగాలు వినేది తక్కువే.

మరి గోపురం కట్టేవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పలేదా అంటారు. చెప్పారు. దాన్ని పక్కన పెట్టమని కాదు. స్పెక్ ఆవేశంలో నదిలో దూకినవాడు కాదు. కయాక్ నడపడం అంతకుముందే బాగా అలవాటున్నవాడు. సముద్రంతో కాకుండా నదితో మొదలుపెట్టాడు. నదికి తగిన పడవ ఉంది, సైప్రస్ వరకు ఒక ఆలోచన ఉంది. లెక్క చూసుకోవడమంటే అదే. లెక్క వేరు, పూచీకత్తు వేరు.

గోపురం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. అదే ఉల్మ్‌లో చాలాకాలం ప్రపంచంలోకెల్లా ఎత్తైనదిగా నిలిచిన చర్చి ఉంది. గోపురం ఎత్తు 161 మీటర్లు. పునాది వేసింది 1377లో. 1543లో పని ఆగిపోయింది. దాదాపు మూడు వందల ఏళ్లు మొండిగానే నిలిచింది. పూర్తయింది 1890లో. పునాది రాయి పెట్టిన చేతులకు ఆ శిఖరం గురించి ఎవరు పూచీ ఇచ్చారు?

స్పెక్‌ను పరిశుద్ధుడిగా చూపించడం మన ఉద్దేశం కాదు. అతను బయలుదేరినప్పుడు హిట్లర్ ఇంకా అధికారంలోకి రాలేదు. సైబాయ్ చేరేసరికి అతని పడవ మీద నాజీల స్వస్తిక జెండా ఉంది. అది 1939 సెప్టెంబరు, యుద్ధం అప్పుడే మొదలైంది. ఒడ్డున ఉన్న పోలీసులు ఇంత దూరం వచ్చినందుకు మెచ్చుకుని, శత్రుదేశ పౌరుడంటూ అదుపులోకి తీసుకున్నారు. యుద్ధం ముగిసేవరకూ నిర్బంధంలోనే గడిపాడు. తరువాత ఆ దేశంలోనే ఓపల్ రాళ్ల పని చేసుకుని స్థిరపడ్డాడు. ఈ ముగింపును ఆశీర్వాదమనాలా, శాపమనాలా? ఏడేళ్ల ముందు నది ఒడ్డున ఏ ప్రవక్త అయినా ఇదంతా చెప్పి ఉంటే, అతను ఆ చట్రాన్ని మళ్లీ మూటలో కట్టేసేవాడేమో.

కాబట్టి ఈసారి ఒక యువకుడు పెట్టె సర్దుకుని ప్రార్థన కోసం వస్తే, అతని భవిష్యత్తు చెప్పబోకుండా మొదటి రోజు సంగతులు అడుగుదాం. ఏజెంటుకు ఎంత కట్టావు? అప్పు ఎవరి దగ్గర, వడ్డీ ఎంత? అది పని వీసాయేనా, విజిట్ వీసానా? దిగగానే ఎవరిని కలవాలి? పాస్‌పోర్టు నీ దగ్గరే ఉంటుందా, సేటు తీసుకుంటాడా? ఆ కాగితాలన్నిటికీ నకళ్లు తీసి ఇంట్లో ఒకటి, చర్చిలో ఒకటి పెట్టించి, అప్పుడు అతని తల మీద చేతులుంచుదాం.