గడువు తీరిన కార్డు

మార్కాపురం పేరు వినగానే ముందుగా స్ఫురించేది పలక. నల్లమల అంచున పొరలు పొరలుగా లభించే రాతిని పలుచగా చీల్చి, అంచులు కోసి, నునుపు చేసి, చుట్టూ చట్రం బిగించి తయారుచేసిన పలకల మీద ఎన్నో తరాల బాలబాలికలు ఓనమాలు దిద్దుకున్నారు. పలకకు ఉన్న గొప్ప గుణం ఒక్కటే. రాసినది తప్పయితే తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాయవచ్చు. నోటుపుస్తకాలు అందుబాటులోకి వచ్చిన తరువాత బడిపలకకు గిరాకీ తగ్గింది. అయితే ఆ ప్రాంతపు ఇళ్లలో నేడు మరొక విధమైన పలక మూలపడి ఉంటుంది. అది టెలివిజన్ పక్కన, పాత సెట్ టాప్ బాక్సు సందులో, గడువు తీరి మూగబోయిన స్మార్ట్ కార్డు. దానిని చెత్తగా ఎంచి పారవేసేవారే ఎక్కువ. అది చదువుకు పనికివచ్చే వస్తువని గుర్తించేవారు అరుదు. దాని జోలికి వెళ్లడం దొంగతనమని భయపడేవారు కూడా ఉన్నారు.

పడమటి ప్రకాశంలో ఊళ్లు దూరదూరంగా ఉంటాయి. యర్రగొండపాలెం, పెద్దదోర్నాల, గిద్దలూరు వైపు కొండల నడుమ ఉన్న పల్లెలకు కేబుల్ తీగ లాగడం ఎవరికీ అంత తేలికైన పని కాదు. ఉపగ్రహ ప్రసారానికి ఆ తీగతో అవసరం లేదు. మిద్దె మీది డిష్‌కు తగిన దిక్కున ఆకాశం కనబడితే చాలు. భారత ప్రభుత్వం 2000లో ఇంటింటికీ నేరుగా ఉపగ్రహ ప్రసారాలను అనుమతించింది. 2003లో డిష్ టి.వి., 2004 డిసెంబరులో దూరదర్శన్ వారి ఉచిత సేవ, 2006లో టాటా స్కై, 2007లో సన్ డైరెక్ట్, 2008లో ఎయిర్‌టెల్ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. దూరదర్శన్ ఉచిత సేవను ప్రారంభించినప్పుడు దానికి కార్డు అక్కరలేకపోయింది. తక్కిన సంస్థలు రుసుము చెల్లించినవారికి మాత్రమే బొమ్మ కనిపించాలి గనుక కార్డును ఆశ్రయించాయి. కొన్ని పెట్టెలలో ఆ చిప్పును లోపలనే అమర్చడం వలన కార్డు కంటికి కనిపించదు. పని మాత్రం అదే.

ఆ పని ఎట్టిదో తెలుసుకోవడం అవసరం. ఉపగ్రహం నుండి దిగివచ్చే ప్రసారం అందరి మిద్దెల మీదా ఒకే విధంగా పడుతుంది. దానిని ముందుగానే కలగాపులగం చేసి పంపుతారు. తిరిగి సరిచేయడానికి ఒక రహస్య సంఖ్య కావాలి. ఆ సంఖ్య సుమారు పది సెకండ్లకొకసారి మారిపోతూ ఉంటుంది. మారిన ప్రతిసారీ కొత్త సంఖ్యను గూఢలిపిలో చుట్టి ప్రసారంతోపాటే పంపుతారు. ఆ చుట్టను విప్పగల తాళంచెవి కార్డులో ఉంటుంది. చందా చెల్లించినట్లు కార్డులో నమోదై ఉంటే విప్పి పెట్టెకు అందిస్తుంది. లేకుంటే మౌనం వహిస్తుంది. వాత్స్యాయనుడు చెప్పిన అరవైనాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పం, అనగా గూఢంగా రాయడమూ మాట్లాడడమూ, ఒకటి. ఆ ప్రాచీన విద్యయే నేడు గోరంత చిప్పులో కాపురముంటున్నదని చెప్పవచ్చు.

కార్డు మీద మెరిసే బంగారుపూత రేకులో ఎనిమిది గడులుంటాయి. ఒకటి విద్యుత్తును, ఒకటి గడియారపు స్పందనలను, మరొకటి రీసెట్ ఆజ్ఞను అందుకుంటాయి. మాటలన్నీ ఒక్క గడి ద్వారానే రాకపోకలు సాగిస్తాయి. ఈ ఏర్పాటును అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 7816 అనే సంఖ్య గల ప్రమాణంలో నిర్దేశించింది. సెకనుకు 35,71,200 స్పందనలు గల గడియారాన్ని 372తో భాగిస్తే సరిగ్గా 9,600 వస్తుంది. సెకనుకు అన్ని బిట్ల వేగంతో కార్డు తన మొదటి మాట పలుకుతుంది. విద్యార్థి చేతి ఫోనులోని సిమ్ కార్డు మొదలుకొని బ్యాంకు కార్డు వరకు పాటించేది ఈ వ్యాకరణాన్నే. వాహన చోదకుల లైసెన్సు కార్డుల కోసం కాన్పూర్ ఐ.ఐ.టి., జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన స్కోస్టా అనే ప్రమాణం కూడా దీని మీదనే నిలిచింది. కనుక గడువు తీరిన టి.వి. కార్డుతో మాట కలపడం నేర్చినవాడు తక్కిన కార్డుల భాషకూ అక్షరాభ్యాసం చేసినట్లే.

ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టం చేయాలి. ప్రసార సంస్థ ఇచ్చిన కార్డులో కొత్తగా రాయడానికి సామాన్యునికి వీలు లేదు. దానిని పలకరించవచ్చు, అది ఇచ్చే జవాబును చదవవచ్చు, అంతవరకే. ఐరోపాలోని ఔత్సాహికులు 1990ల చివర, 2000ల తొలినాళ్లలో రాసుకున్నవి వేరే కార్డులు. గోల్డ్ కార్డు అని వారు పిలిచినదానిలో పిక్ 16ఎఫ్84 అనే చిన్న మైక్రోకంట్రోలరు, దాని పక్కన 2,048 బైట్ల జ్ఞాపకపు చిప్పు ఉండేవి. ఫన్ కార్డులో ఆట్మెల్ సంస్థ చిప్పు ఉండేది. వీటిని వందలసార్లు చెరిపి రాయవచ్చు. పలకతో పోలిక ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

ఆ గోల్డ్ కార్డు చిప్పులో పట్టేవి 1,024 ఆజ్ఞలు. పని చేస్తున్నంతసేపు గుర్తుంచుకోవడానికి దానికున్న స్థలం 68 బైట్లు మాత్రమే. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాల చొప్పున నాలుగు పాదాలకు 80 అక్షరాలు. అక్షరానికి ఒక్క బైటు చొప్పున లెక్కించినా ఒక పూర్తి ఉత్పలమాల ఆ జ్ఞాపకంలో ఇమడదు! అంత ఇరుకులో కార్డు చేయవలసిన పనులన్నింటినీ పొందుపరచడానికి ఎంత పొదుపు, ఎంత ముందుచూపు కావాలో ఊహించుకోవచ్చు. గణయతుల నియమంలో పద్యం చెప్పే అవధాని ఒక్క అక్షరాన్నీ వృథా చేయడు. ఆ కార్డుకు ఆజ్ఞలు రాసినవారి శ్రమ కూడా అటువంటిదే. కోట్ల బైట్లు చేతిలో ఉన్న నేటి విద్యార్థికి ఆ పొదుపు తెలియవలసిన అవసరం తీరిపోలేదు. వాననీటిని చెరువులో నిలుపుకొని ఏడాది గడుపుకొనే కంభం సీమవారికి దానిని వేరే వివరించనక్కరలేదు.

ఈ విద్య మచ్చలేనిదని చెప్పడం న్యాయం కాదు. బ్రిటన్‌లో స్కై సంస్థ ప్రసారాలకు వాడిన తొలినాటి కార్డులలో కొత్త సంగతి రాయాలంటే ఒక ప్రత్యేకమైన గడి ద్వారా అధిక వోల్టేజి అందవలసి ఉండేది. కొందరు ఆ గడి మీద చిన్న టేపు ముక్క అంటించి, ఆ పిమ్మట చందా మానుకున్నారు. రద్దు ఆజ్ఞ ఆకాశం నుండి వచ్చినా కార్డులో రాయబడలేదు, బొమ్మ ఆగలేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన రాస్ ఆండర్సన్, మార్కస్ కున్‌తో కలిసి 1996లో వెలువరించిన పరిశోధన వ్యాసంలో దీనిని ప్రస్తావించి, తాకరానివిగా చెప్పుకొనే కార్డుల బలహీనతలను బయటపెట్టాడు. అమెరికాలో డైరెక్ టి.వి. సంస్థ కార్డులను అక్రమంగా తిరగరాయడం పెద్ద వ్యాపారంగా మారింది. ఆ సంస్థ ఒక ఆజ్ఞను కొన్ని వారాలపాటు ముక్కలు ముక్కలుగా ఆకాశం నుండి కార్డులలోకి దించి, 2001 జనవరి 21 ఆదివారం నాడు ఒక్కసారిగా అమలు చేసింది. తిరగరాసిన కార్డులు మూకుమ్మడిగా మూగబోయాయి. వాటి మొదటి ఎనిమిది బైట్లలో 'గేమ్ ఓవర్' అనే ఆంగ్లాక్షరాలు రాయబడినట్లు అప్పటి కథనాలు చెబుతాయి. అక్కడి ఫుట్‌బాల్ మహాసమరానికి అది సరిగ్గా వారం ముందు!

శూద్రకుని మృచ్ఛకటికంలో శర్విలకుడు కన్నం వేసే ఘట్టం ఇక్కడ గుర్తుకు రాక మానదు. అతడు శాస్త్రం చదివిన దొంగ. పద్మాకారమా, అర్ధచంద్రాకారమా, స్వస్తికమా అని తర్కించుకొని, కాల్చిన ఇటుకల గోడకు పూర్ణకుంభమే తగినదని నిర్ణయిస్తాడు. కొలతాడు మరచిపోయి యజ్ఞోపవీతంతో కొలుస్తాడు. తెల్లవారిన తరువాత ఆ కన్నాన్ని చూసిన చారుదత్తుడే దాని పొందికను మెచ్చుకుంటాడు. నాటకాన్ని చదివేవారు కూడా మెచ్చుకుంటారు. కానీ పోయిన నగలు చారుదత్తునివి కావు. వసంతసేన నమ్మి దాచుకున్నవి. ఆ నష్టాన్ని పూడ్చడానికి ఏ పాపమూ ఎరుగని ధూత తన హారాన్ని ఇవ్వవలసి వచ్చింది. శర్విలకుని నేర్పు నిజం, అతడి నేరమూ నిజమే. ఒకదానిని చూపి రెండవదానిని మాఫీ చేయలేము. అట్లే రెండవదానిని చూపి మొదటిదానిని కాదనడం కూడా అవివేకమే. అలా అనుకుంటే కొలతాడును నిషేధించవలసి వస్తుంది.

నిజానికి కొలతాడును నిషేధించబోయిన సందర్భం కూడా జరిగింది. పైన చెప్పిన అమెరికా సంస్థయే కార్డు రీడర్లు, ప్రోగ్రామర్లు అమ్మిన దుకాణాల చిట్టాలను సంపాదించి, వాటిలో పేరున్న వేలాది మందికి నోటీసులు పంపింది. సాధారణంగా 3,500 డాలర్లు చెల్లించి రాజీపడాలని, లేకుంటే దావా తప్పదని వాటి సారాంశం. వారిలో దొంగలు ఉండవచ్చు. అయితే తమ కంప్యూటరు భద్రత కోసమో, పరిశోధన కోసమో పరికరాన్ని కొన్నవారూ ఉన్నారు. వకీలు ఫీజు కంటే రాజీ సొమ్మే తక్కువైనప్పుడు నిర్దోషి కూడా తలవంచుతాడు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు న్యాయనిపుణులు కలుగజేసుకున్న తరువాత, పరికరం దగ్గర ఉన్నంత మాత్రాన ఎవరినీ దావాతో బెదిరించబోమని ఆ సంస్థ 2004 జూన్‌లో అంగీకరించింది. పలకా బలపం కొన్నవాడు దొంగ ఉత్తరమే రాస్తాడని నిశ్చయించడం ఎంత సబబో ఆ నోటీసులూ అంతే సబబు.

భారతదేశపు చట్టం ఈ విషయంలో మెరుగైన మార్గం తీసుకున్నది. 2012లో కాపీరైటు చట్టానికి చేర్చిన 65-ఎ సెక్షను, హక్కులను ఉల్లంఘించాలనే ఉద్దేశంతో రక్షణ ఏర్పాటును ఛేదించినవారికి రెండేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధిస్తుంది. చట్టబద్ధంగా సంపాదించిన ప్రతితో గూఢలిపి పరిశోధన చేయడాన్ని అదే సెక్షను మినహాయించింది. అంటే చట్టం ఉద్దేశాన్ని విచారిస్తున్నదని స్పష్టం. పిల్లవాడు సెట్ టాప్ బాక్సు మర విప్పగానే 'ఇది దొంగపని' అని గద్దించే పెద్దలు కనీసం చట్టమంత ఓపిక చూపాలి. అన్ని ఛానళ్లూ ఉచితంగా వచ్చే కార్డు చేసి ఇస్తామని చెప్పేవారిని మాత్రం దగ్గరకు రానీయకూడదు. వారు అమ్మేది విద్య కాదు. కష్టపడి ప్రసారం చేసినవారి సొమ్మును, ఒక్కొక్కసారి కొన్నవారికి శుద్ధ మోసాన్ని.

పెద్ద సంస్థలు చందాదారుని నిజాయితీని గూర్చి మాట్లాడినంత తరచుగా అతడి సొత్తును గూర్చి మాట్లాడవు. కూలి డబ్బులతో పెట్టె కొనుక్కున్న కుటుంబం సంస్థ మారదలచుకుంటే ఆ పెట్టె పనికిరాదు. ఒక సంస్థ పెట్టె మరొక సంస్థ ప్రసారానికి కూడా ఉపయోగపడేలా ఉండాలన్న మాట 2001 నాటి మార్గదర్శక సూత్రాలలోనే ఉన్నది. టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ 2020 ఏప్రిల్‌లో దానిని మళ్లీ సిఫార్సు చేయవలసి వచ్చింది. నడుమ పందొమ్మిదేళ్లు గడిచాయి. ఈలోగా ఎన్ని పెట్టెలు, ఎన్ని కార్డులు పాత ఇనుప సామాన్ల బండి ఎక్కాయో! సంస్థకు ఇక అక్కరలేదని తేలిపోయిన వస్తువును కొన్నవాడు విప్పి చూసుకుంటే తప్పేమిటి? చందా ముగిసిన కార్డులో దొంగిలించడానికి మిగిలినది ఏమీ లేదు. నేర్చుకోవడానికి మాత్రం చాలా మిగిలి ఉన్నది.

మార్కాపురం, గిద్దలూరు, కంభం కళాశాలలలో చదివే విద్యార్థులలో అనేకులకు కంప్యూటరు అంటే తెర మీది బొమ్మలే. ఆ బొమ్మ వెనుక విద్యుత్తు ఎట్లా అక్షరమవుతున్నదో చూపే సాధనం వారి ఇంటి మూలనే ఉన్నది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక బల్లను ఇందుకు కేటాయించడం కష్టం కాదు. బజారులో దొరికే సాధారణ కార్డు రీడరు ఒకటి, విద్యార్థులే తెచ్చే గడువు తీరిన కార్డులు, తిరగరాయడానికి వీలైన ఖాళీ కార్డులు నాలుగు, ఓపిక గల అధ్యాపకుడు ఒకరు ఉంటే చాలు. అక్కడ మొదటి పాఠం అతి చిన్నది. కార్డును రీడరులో పెట్టి రీసెట్ ఆజ్ఞ ఇస్తే అది తన ఉనికిని తెలుపుతూ కొన్ని బైట్ల జవాబు పంపుతుంది. ఆ జవాబులో మొదటి బైటు చాలా కార్డులలో 3బి అని ఉంటుంది. అది ఎందుకట్లా ఉందో, తరువాతి బైటు ఏమి చెబుతున్నదో ప్రమాణ పత్రం ముందుంచుకొని విప్పుకోవడంతో ఆనాటి గంట గడిచిపోతుంది. మరునాడు ఖాళీ కార్డు తీసుకొని అటువంటి జవాబును విద్యార్థి తానే రాయాలి. తప్పు వస్తుంది, చెరిపి మళ్లీ రాయవచ్చు.